వెయ్యి మాటలకు మూడుసార్లు

శ్రోతలకు నమస్కారం.

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే బాధతో వస్తాయి. "మా అమ్మాయి డిగ్రీలో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్ చదువుతానంటోంది, బాగానే ఉంది, వాటి పక్కన తెలుగు సాహిత్యం కూడా కావాలంటోంది, అది అయ్యాక బి.ఇడి. చేస్తానంటోంది. ఇదేం కలగూరగంప చదువండీ, మీరైనా కాస్త చెప్పండి" అని తల్లిదండ్రులు అడుగుతారు. కలగూరగంప అన్న మాటను మనం నిందగా ఎందుకు వాడతామో నాకు ఇప్పటికీ బోధపడదు. నాలుగు రకాల ఆకుకూరలు కలిపి వండిన పప్పు రుచి ఎరిగినవారు ఆ మాట అంత తేలికగా అనరు. అయితే వారి భయంలో కొంత న్యాయం లేకపోలేదు. పదింటికి స్టాటిస్టిక్స్ గదిలో, పదకొండింటికి తెలుగు గదిలో కూర్చునే విద్యార్థికి, మొదటి గదిలో నేర్చినది రెండో గదిలో పనికివస్తుందని చెప్పేవారు దొరకకపోతే, ఆ కూరలు గంపలోనే వాడిపోతాయి, పొయ్యి మీదికి రావు.

కలిపి వండిన మనిషి ఒకరి కథ ఈ రోజు చెబుతాను. అది నాకు చాలా ఇష్టమైన కథ కనుక తీరికగా చెబుతాను. మిగిలిన సంగతులను రెండేసి మాటల్లో సరిపెడతాను.

1787, 1788 సంవత్సరాల్లో, అమెరికా కొత్త రాజ్యాంగాన్ని ఆమోదించవలసిందని న్యూయార్కు ప్రజలకు నచ్చజెబుతూ 85 వ్యాసాలు వెలువడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం ముందుగా పత్రికల్లోనే వచ్చాయి. అన్నింటికీ ఒకే మారుపేరు, 'పబ్లియస్'. ఆ పేరు వెనుక ఉన్నవారు ముగ్గురు: అలెగ్జాండర్ హామిల్టన్, జేమ్స్ మాడిసన్, జాన్ జే. తరువాతి కాలంలో హామిల్టన్, మాడిసన్ రాజకీయంగా ఎదురెదురు పక్షాలలో నిలిచారు; 1804లో హామిల్టన్ ద్వంద్వయుద్ధంలో మరణించాడు. ఏ వ్యాసం ఎవరిదో చెబుతూ ఇద్దరి తరఫునా జాబితాలు బయటికి వచ్చినప్పుడు, 12 వ్యాసాల దగ్గర అవి పొసగలేదు. ఆ పన్నెండింటినీ ఇద్దరికీ అంటగట్టారు. నూరేళ్లకు పైగా చరిత్రకారులు వాదించుకున్నారు. అభిమానం ఎటు ఉంటే తీర్పు అటు మొగ్గింది.

1941లో ఫ్రెడరిక్ మోస్టెల్లర్ అనే యువ గణాంకశాస్త్రవేత్త, ఫ్రెడరిక్ విలియమ్స్ అనే మరొకరితో కలిసి ఈ తగవులో చేయి పెట్టాడు. ఎవరి వాక్యాలు పొడుగో కొలిస్తే మనిషి దొరుకుతాడని వారి ఊహ. తగవు లేని వ్యాసాలను తీసుకొని ప్రతి వాక్యంలోని మాటలనూ లెక్కపెట్టారు. హామిల్టన్ వాక్యానికి సగటున 34.55 మాటలు వచ్చాయి. మాడిసన్ వాక్యానికి 34.59 మాటలు వచ్చాయి. మళ్లీ చెబుతున్నాను, 34.55, 34.59. ఇంతకన్నా నిండైన ఓటమి లెక్కల్లో అరుదు. ఆ కాలపు విద్యావంతులందరూ ఒకే బరువైన గద్యశైలిని ఆదర్శంగా పెట్టుకొని సాధన చేశారు. పొడుగు వాక్యం వారికి చదువుకు గుర్తు, సొంత ముద్ర కాదు. ఈ సంగతి సాహిత్యం చదివినవారికి ముందే తెలుసు, లెక్కపెట్టినవారికి లెక్కపెట్టాక తెలిసింది.

ఆ పని పద్దెనిమిదేళ్లు పక్కన పడి ఉంది. 1959లో డగ్లస్ అడెయిర్ అనే చరిత్రకారుడు మోస్టెల్లర్‌కు ఒక చిన్న సంగతి తెలియజేశాడు. 'ఉండగా' అన్న అర్థంలో హామిల్టన్ 'వైల్' అని రాస్తాడు, మాడిసన్ 'వైల్‌స్ట్' అని రాస్తాడు. అంతే. ఆ తేడా యంత్రానికి కాదు, ఆ వ్యాసాలను మళ్లీ మళ్లీ చదివిన మనిషి కంటికి కనబడింది. కాని ఆ మాట అన్ని వ్యాసాల్లోనూ రాదు. పైగా అచ్చువేసినవారు ఒకదాన్ని మరొకటిగా దిద్ది ఉండవచ్చు. ఒక్క మాట మీద తీర్పు నిలవదు. అప్పుడు మోస్టెల్లర్, డేవిడ్ వాలెస్ అనే సహచరునితో కలిసి, అలాంటి చిన్న మాటల కోసం వెతకడం మొదలుపెట్టాడు.

చిన్న మాటలు అన్నాను, దయచేసి గమనించండి. యుద్ధం గురించి రాసేవాడు 'సైన్యం' అన్న మాటను ఎక్కువగా వాడతాడు, పన్నుల గురించి రాసేవాడు 'ఖజానా' అన్న మాటను వాడతాడు. అవి విషయాన్ని పట్టిస్తాయే కాని మనిషిని పట్టించవు. మనిషిని పట్టించేవి, రాసేటప్పుడు అతడు తలచుకోకుండానే కలం నుంచి జారిపోయే మాటలు. 'మీద' అన్న అర్థంలో వచ్చే 'అపాన్' అటువంటిది. హామిల్టన్ దాన్ని వెయ్యి మాటలకు సుమారు మూడుసార్లు వాడాడు. మాడిసన్ కొన్ని వేల మాటలకు ఒక్కసారి వాడాడు. వెయ్యి మాటలకు మూడుసార్లు! చదివేవాడికి కనబడదు, రాసేవాడికి తెలియదు, లెక్కకు మాత్రం దొరుకుతుంది.

ఆ లెక్కింపు మొదట్లో ఎలా సాగిందో మోస్టెల్లర్ స్వయంగా చెప్పుకున్నాడు. పొడవాటి కాగితపు చుట్ట మీద వరుసకు ఒక మాట చొప్పున టైపు చేసి, ఆ చుట్టను చీటీలుగా కత్తిరించి, అక్షరక్రమంలో పేర్చేవారు. ఆ సమయంలో ఎవరైనా గట్టిగా ఊపిరి వదిలితే చీటీలన్నీ గదినిండా ఎగిరేవట, ఊపిరి వదిలినవాడు జన్మశత్రువు అయ్యేవాడట. తరువాత కంప్యూటరు వచ్చింది. చివరికి 30 మాటలను ఎంచుకొని, ప్రతి మాటా ఇచ్చే చిన్న చిన్న సాక్ష్యాలను కూడి, 1964లో పుస్తకంగా ప్రకటించారు. తగవులో ఉన్న పన్నెండూ మాడిసన్ రాసినవేనని సాక్ష్యం గట్టిగా మొగ్గింది. అన్నింటి విషయంలోనూ ఒకే బలంతో చెప్పలేదు. 55వ వ్యాసం దగ్గర సాక్ష్యం మిగతావాటికన్నా బలహీనమని చెప్పి, ఎంత బలహీనమో కూడా అంకెలో చెప్పారు. నాకు ఈ కథలో అన్నింటికన్నా నచ్చినది ఇదే. నూరేళ్లు వాదించినవారిలో ఎంతమంది తమ మాట ఎంత గట్టిదో కొలిచి చెప్పి ఉంటారు?

ఇక మన ఇంటికి వద్దాం. క్రీడాభిరామం అనే పాత తెలుగు రచన వినుకొండ వల్లభరాయని పేరున ఉంది. అది శ్రీనాథుని రచనేనని పండితులు వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. స్టాటిస్టిక్స్ చదివిన విద్యార్థి ఒకరు ఉత్సాహంగా వచ్చి, 'మీద', 'పైన', 'కొఱకు', 'కై' అని లెక్కపెట్టడం మొదలుపెట్టారనుకుందాం. తెలుగు గదిలో కూర్చుని ఉండకపోతే ఆ విద్యార్థి బోల్తాపడడం ఖాయం. పద్యంలో 'కొఱకు' రావాలో 'కై' రావాలో కవి అలవాటు ఒక్కటే తేల్చదు, గణం తేలుస్తుంది, యతి తేలుస్తుంది, ప్రాస తేలుస్తుంది. సీసాన్ని సీసంతోనూ తేటగీతిని తేటగీతితోనూ పోల్చకపోతే, ఛందస్సు అలవాటును కవి అలవాటు అనుకొని పొరపడతారు. పైగా సంధిలో కలిసిపోయిన మాటలను ఎక్కడ విడదీసి లెక్కపెట్టాలన్నది మళ్లీ వ్యాకరణం తేల్చవలసిన ప్రశ్న. లెక్క వచ్చినవారు ఒకరు, పద్యం వచ్చినవారు మరొకరు బల్లకు చెరోపక్కన కూర్చుంటే ఈ పని జరగదని నేను అనను. ఒకే తలలో రెండూ ఉంటే త్వరగా జరుగుతుంది, తగవులు తక్కువ అవుతాయి.

మిగిలిన రెండు చదువుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇదే మోస్టెల్లర్ 1961లో అమెరికా టెలివిజనులో తెల్లవారుజామున దేశానికంతటికీ స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పాడు. వయసు మళ్లాక, టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన ఒక ప్రయోగం గురించి 1995లో విపులంగా రాశాడు. అక్కడ చిన్నపిల్లలను లాటరీ పద్ధతిలో విభజించి, కొందరిని 13 నుంచి 17 మంది ఉండే తరగతుల్లోనూ, కొందరిని 22 నుంచి 25 మంది ఉండే తరగతుల్లోనూ నాలుగేళ్లపాటు చదివించారు. చిన్న తరగతుల పిల్లలు మెరుగ్గా చదివారు. పెద్ద తరగతిలో టీచరుకు సహాయకురాలిని ఇస్తే మాత్రం పెద్దగా ఒరిగింది లేదు. ఇంతవరకు విద్యాశాస్త్రం. ఒక గదిని రెండు గదులు చేసి ఇద్దరు టీచర్లకు జీతం ఇవ్వాలంటే డబ్బు ఎంత, అదే డబ్బును మరోచోట పెడితే ఫలితం ఎంత అన్నది అర్థశాస్త్రం; ఆ ప్రశ్న పట్టుకొని తరువాత ఆర్థికవేత్తలు ఆ పిల్లల వివరాలను తిరగేశారు, పెద్దయ్యాక వారి సంపాదన ఎలా ఉందో కూడా చూశారు.

అటువంటి ప్రయోగం మన నేల మీదా జరిగింది. 2005 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందో పరిశీలించారు. రెండేళ్ల తరువాత బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మెరుగయ్యారు, భాషలో కన్నా లెక్కల్లో ఎక్కువగా మెరుగయ్యారు. పరీక్ష కోసం బట్టీ పట్టిస్తారేమోనన్న అనుమానం మనకు వచ్చినట్లే వారికీ వచ్చింది. అందుకే బట్టీకి లొంగని ప్రశ్నలు కూడా పెట్టారు, వాటిలోనూ పిల్లలు మెరుగ్గానే రాశారు. ఏ ప్రశ్న బట్టీకి లొంగుతుందో, ఏది లొంగదో చెప్పవలసినవారు ఆర్థికవేత్తలు కారు, పాఠం చెప్పినవారు. బి.ఇడి. ఎందుకని అడిగిన తండ్రిగారికి నేను ఇచ్చిన సమాధానం ఇదే.

కనుక డిగ్రీలో చేరే పిల్లలకు నేను చెప్పే పని ఒక్కటే. సబ్జెక్టులు నాలుగైనా ప్రశ్న ఒక్కటి పట్టుకోండి. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. అందులో మూడు నిలువు వరుసలు గీసి, మీకు ఇష్టమైన ఇద్దరి వచనం తీసుకొని, ఒక చిన్న మాటను చేతితో లెక్కపెట్టండి. వెయ్యి మాటలకు ఎన్నిసార్లు, అంతే. కంప్యూటరుతో వద్దు, మొదటిసారి చేతితోనే చేయండి. చేతితో లెక్కపెట్టేటప్పుడు చదవక తప్పదు.

నేనూ చేశాను. మా నాన్నగారూ బాబాయీ ఉద్యోగాల ఊళ్ల నుంచి తాతగారికి రాసిన ఉత్తరాలను మా పెద్ద మేనత్త ఒక పుస్తకంలోకి ఎత్తి రాసిపెట్టింది. చేతిరాత అంతా ఆమెదే. కొన్ని ఉత్తరాల కింద ఎవరివో రాయడం మరచిపోయింది. పేరు ఉన్న ఉత్తరాలు లెక్కపెట్టి చూస్తే, నాన్నగారు దాదాపు ఎప్పుడూ 'కనుక' అంటారు, బాబాయి 'కాబట్టి' అంటాడు. బియ్యం ధర తప్పకుండా రాసేది బాబాయి. పిల్లల మార్కులు రాసేది నాన్నగారు. పేరు లేని ఉత్తరాలు ఏడు. అయిదింటిని మొదటి రెండు వరుసల్లో పంచగలిగాను. ఆరో దానిలో 'కనుక' ఒకసారి, 'కాబట్టి' ఒకసారి ఉన్నాయి. ఏడోది పట్టుమని యాభై మాటలు లేని కార్డు. మామిడిపళ్ల బుట్ట రైలు పార్సెలులో వేశామనీ, స్టేషనుకు ఎవరినైనా పంపమనీ మాత్రమే ఉంది. ఆ రెండింటినీ మూడో వరుసలో 'తేలలేదు' అన్న మాట కింద రాశాను. నమస్కారం.