ఆ ఫోన్ నంబర్ ఎందుకు చేతులు మారుతుంది?

అందరికీ నమస్కారం. ఇంటి పనుల యాప్ పెట్టాలనుకుంటున్నామని మీలో కొందరు ముందే రాసి పంపారు, అవన్నీ చదివాను. యాప్ ఎలా ఉండాలో చాలా బాగా రాశారు, కానీ మెకానిక్ రోజు ఎలా గడుస్తుందో ఒక్కరూ రాయలేదు. అందుకే ఇవాళ మా దగ్గర ఐదేళ్లుగా ఏసీ పని చేస్తున్న అన్నను కూడా తీసుకొచ్చాను. అదిగో, మొదటి వరసలో కూర్చున్నారు.

విజయవాడలో మేం ఇలాంటి యాప్ మొదలుపెట్టినప్పుడు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, పెయింటర్, పనిమనిషి, ఏసీ, ఇలా అన్నీ పెట్టేశాం. పటమటలో ఒకరింటికి పనిమనిషిని పంపాం. మొదటి రోజు బాగానే జరిగింది, ఆ తర్వాత ఆ ఇంటి నుంచి మళ్లీ బుకింగ్ లేదు. ఏదైనా గొడవ జరిగిందేమోనని టెన్షన్ పడి నేనే ఫోన్ చేశాను. "అబ్బే, ఏం లేదు బాబూ, ఆ అమ్మాయి రోజూ వస్తోంది, పని శుభ్రంగా చేస్తోంది" అన్నారు ఆవిడ. ఇద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని, నెలకింత అని మాట్లాడుకున్నారు. మా అవసరం అక్కడితో తీరిపోయింది.

నాకు విపరీతమైన కోపం వచ్చింది. నంబర్ ఇచ్చినవాళ్లను తీసేస్తామని రూల్ పెట్టాను. అది తప్పు. ఎందుకంటే కస్టమర్ నంబర్ అడిగేది బాగా పనిచేసేవాళ్లనే, కాబట్టి ఆ రూల్ వల్ల ముందు పోయింది మా మంచి పనివాళ్లే.

ఇది మా ఒక్కరి కథ కాదు. అమెరికాలో హోమ్‌జాయ్ అని ఇళ్లు శుభ్రం చేయించే సంస్థ ఉండేది, బోలెడు పెట్టుబడి వచ్చింది, 2015 జులైలో మూతపడింది. పనివాళ్లను ఉద్యోగులుగా చూడాలా వద్దా అన్న కేసులు పెద్ద కారణమని వాళ్లు చెప్పారు. దాంతోపాటు చవక రేటు చూసి మొదటిసారి వచ్చిన ఇళ్లు మళ్లీ రాకపోవడం, నచ్చినవాళ్లు క్లీనర్‌తో నేరుగా మాట్లాడుకోవడం కూడా దెబ్బతీశాయి. మన దగ్గర అర్బన్ కంపెనీ 2014లో అర్బన్‌క్లాప్ పేరుతో మొదలైనప్పుడు, ఫలానా ఇంట్లో పని ఉందన్న సమాచారాన్ని పనివాళ్లకు అమ్మేది. తర్వాత ఆ పద్ధతి వదిలేసి, రేటు తనే పెట్టి, ట్రైనింగ్ తనే ఇచ్చి, సామాను కూడా తనే ఇచ్చే దారి పట్టింది, 2025 సెప్టెంబరులో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. కానీ ఆ కంపెనీతో పనిచేసే బ్యూటీషియన్లు 2021 అక్టోబరులో గురుగ్రామ్ ఆఫీసు ముందు కమీషన్ల మీద ధర్నాకు కూర్చున్నారు. ఆ ఎదుగుదల, ఈ ధర్నా రెండూ కలిపి చదువుకోండి, ఒక్కటే చదివితే సగమే తెలుస్తుంది.

మేం చివరికి పనిమనిషి సర్వీసు మానేశాం. రోజూ చేసే పనిలో మొదటి పరిచయం తర్వాత మధ్యవర్తి ఎందుకు? ఏసీ అలా కాదు, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పని. మార్చిలో వచ్చిన మెకానిక్ నంబర్ ఫోన్‌లో ఉన్నా, మే నెల ఎండల్లో ఆయన ఫోన్ ఎత్తే పరిస్థితిలో ఉండడు. అక్కడ మన అవసరం ఉంది.

ఏసీలో ఇంకో గొడవ ఉంది, "గ్యాస్ అయిపోయిందమ్మా" అనే మాట. గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, పైపుల్లోనే తిరుగుతూ ఉంటుంది, తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు చూడకుండా నింపితే ఆ డబ్బు గాలికి పోయినట్టు. ఫిర్యాదులు వచ్చినప్పుడు నేను మెకానిక్‌లను తిట్టలేదు, ఈ అన్న బండి వెనక వారం రోజులు తిరిగాను. సర్వీసుకి 600 రూపాయలు, అందులో మా కమీషన్ 25 శాతం, అంటే 150 పోతే ఆయనకు 450. పొద్దున భవానీపురం, తర్వాత పోరంకి, మళ్లీ గొల్లపూడి. మధ్యలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్, బండి మీద నీళ్ల పంపు, పెట్రోలు ఖర్చు ఆయనదే. రోజుకి మూడు ఇళ్లకు మించి అయ్యేవి కావు. 1350లో పెట్రోలు తీసేస్తే మిగిలేదానితో ఇల్లు గడవక, గ్యాస్ అబద్ధం పుట్టింది.

అందుకని ఊరిని ముక్కలు చేశాం. పటమట, కానూరు, పోరంకి ఒకరికి, భవానీపురం, గొల్లపూడి ఇంకొకరికి. రోజుకి ఐదు ఇళ్లు చేయగలిగారు, అంటే 2250. గ్యాస్ నింపేముందు లీకు ఫోటో పంపాలన్న నియమాన్ని అప్పుడు ఎవరూ కాదనలేదు. నంబర్లు ఇవ్వడం కూడా తగ్గింది, అది మేం ఆపమన్నందుకు కాదు, మధ్యాహ్నం ఖాళీగా కూర్చోకుండా తర్వాతి ఇల్లు పక్క వీధిలోనే దొరుకుతోంది కాబట్టి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు నీళ్లలో మునిగాయి. నీళ్లు తీశాక ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, మోటార్లు అన్నీ బురద. ఒక యాప్ సంస్థ మెకానిక్‌లను రప్పించడానికి ప్రభుత్వమే పూనుకోవాల్సి వచ్చింది. మాకు బుకింగ్‌లు కుప్పలుగా వచ్చాయి, కానీ మా వాళ్లలో చాలామంది ఇళ్లు ఆ కాలనీల్లోనే. వాళ్ల టూల్ బ్యాగులు, బండ్లు కూడా మునిగాయి. ముందు మా వాళ్ల ఇళ్లకు మనుషుల్ని పంపాం, పనిముట్లకు అడ్వాన్సు ఇచ్చాం, కస్టమర్లకు నాలుగు రోజులు ఆలస్యమవుతుందని చెప్పాం. కొందరు కోప్పడ్డారు. అయినా, అలాంటి వరద మళ్లీ వచ్చినా అదే చేస్తాను.

చట్టం సంగతి కూడా ముందే లెక్కలో వేసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న ప్లంబర్, కార్పెంటర్ యాప్ ద్వారా చేసిన పనికి ఆ పన్ను యాప్ నడిపేవాళ్లే కట్టాలి. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో గిగ్ వర్కర్ల, అంటే యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ల నిధికి అగ్రిగేటర్లు, అంటే మనలాంటి యాప్ సంస్థలు, టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం ఇవ్వాలని ఉంది. 25 శాతం మొత్తం మనదేనని లెక్క రాసుకుంటే మొదటి ఏడాదే దెబ్బతింటారు.

కమీషన్ ఎంత ఉంటే నంబర్ ఇవ్వాలనిపించదో నన్ను అడగకండి. అన్న ఇక్కడే ఉన్నారు, మైక్ ఆయనకిస్తాను, ఆయన్నే అడగండి.