నాయకుడు లేని సభలో నిర్ణయం ఎవరిది?

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం. ఆర్థిక అసమానతలకు వ్యతిరేకంగా 2011 సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో మొదలైన ‘ఆక్యుపై వాల్‌స్ట్రీట్’ ఉద్యమం ఏం సాధించిందన్న చర్చ జోలికి ఈ రోజు పోను. పెద్ద అంటూ ఎవరూ లేని ఆ జనం ఒకరి మాట ఒకరు ఎలా విన్నారు, నిర్ణయాలకు ఎలా వచ్చారు అన్నదే నా విషయం.

ఉద్యమకారులు మకాం వేసిన జుకాటి పార్కులో అనుమతి లేకుండా మైకు వాడకూడదని పోలీసులు అడ్డుకోగా, వారు తమ గొంతులనే మైకుగా మలచుకున్నారు. మాట్లాడదలచినవారు ‘మైక్ చెక్’ అని కేక వేస్తే చుట్టూ ఉన్నవారు అదే మాట తిరిగి అనేవారు. ఆపై వక్త నాలుగైదు మాటలు పలికి ఆగాలి. ముందు వరుసలవారు వాటిని ఒక్క గొంతుతో అందుకోవాలి. జనం ఎక్కువైతే వెనక వరుసలవారు మరోసారి అందుకోవాలి. సుదీర్ఘ ఉపోద్ఘాతాలు అక్కడ చెల్లవు. (ఈ పద్ధతి మన దగ్గర పెడితే వందన సమర్పణలు సగానికి తగ్గుతాయని నా ఆశ.) అంతకన్నా విశేషమేమిటంటే, తనకు గిట్టని అభిప్రాయాన్ని కూడా మనిషి తన నోటితోనే పలకవలసి రావడం, అలా పలికాక దాన్ని విననట్టు నటించడం కష్టం.

సాయంత్రం జరిగే సర్వసభలో వేళ్లు పైకి ఆడిస్తే సమ్మతి, కిందికి ఆడిస్తే అసమ్మతి. రెండు చేతులూ ఛాతీకి అడ్డంగా పెడితే అది ‘బ్లాక్’, అంటే ఈ ప్రతిపాదన ఉద్యమ మూలసూత్రానికే విరుద్ధమన్న అభ్యంతరం. చర్చించినా అది తొలగకపోతే 90 శాతం మద్దతుతో తీర్మానం నెగ్గేది.

ఈ అడ్డు ఎంత బలమైనదో అట్లాంటాలో తెలిసింది. 2011 అక్టోబరు 7న అక్కడి ఆక్యుపై ఉద్యమకారుల సభకు పౌరహక్కుల ఉద్యమ యోధుడు, అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ లూయిస్ వచ్చారు. ఎజెండా ఆపి ఆయనను మాట్లాడనివ్వాలా అని సభను అడిగితే చాలామంది సరేనన్నారు. ఏ మనిషీ మరొకరి కంటే ఎక్కువ కాదంటూ ఒకరు అడ్డుపడ్డారు. ఏకాభిప్రాయం కుదరలేదు, ఆయన వెళ్లిపోయారు, నొచ్చుకోలేదని తర్వాత చెప్పారు. సూత్రం నిలబడింది నిజమే, కానీ పోలీసు లాఠీలను ఎదుర్కొన్న అనుభవశాలి మాట ఆ పూట దక్కకుండా పోయింది. నా దృష్టిలో అది నష్టమే.

ఇంకో చిక్కు కంటికి కనిపించనిది. గంటల తరబడి సాగే చర్చలో చివరిదాకా కూర్చోగలిగినవారి మాటే నెగ్గుతుంది. పొద్దున్నే పనికి పోవలసినవారు, పసిపిల్లల తల్లులు ముందే లేచిపోతారు. అధికారం నాయకుడి కుర్చీ వదిలి, తీరిక ఉన్నవారి చేతికి చేరిందన్నమాట. పోనీ సభ నిర్ణయించినా అమలు చేసేదెవరు? పార్కులో డ్రమ్ములు వాయించేవారిని రోజుకు కొన్ని గంటలకే పరిమితం కమ్మంటే, వారిలో కొందరు ససేమిరా అన్నారు.

అందుకే అక్టోబరు చివర్లో ‘స్పోక్స్ కౌన్సిల్’కు సభ ఒప్పుకుంది. 1977లో అమెరికాలోని సీబ్రూక్ అణువిద్యుత్ కేంద్రాన్ని ప్రతిఘటించిన క్లామ్‌షెల్ అలయన్స్ వాడిన పద్ధతే ఇది: ప్రతి బృందం తరఫున ఒకరు మధ్య వలయంలో కూర్చుంటారు, తక్కినవారు వెనక ఉండి వారికి సలహా చెబుతారు. ఆ మనిషి సభసభకూ మారాలన్నది న్యూయార్క్‌లో పెట్టుకున్న నిబంధన. ప్రతినిధి ఎవరో అందరికీ తెలిసే ఈ ఏర్పాటు నాకు ఎక్కువ నిజాయితీగా తోస్తుంది. అయితే అది కుదురుకోకముందే, నవంబరు 15 తెల్లవారుజామున పోలీసులు పార్కును ఖాళీ చేయించారు.