ఆలస్యాన్ని రాసిపెట్టే ఆడవాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

బెత్లెహేమ్ నుంచి జెరూసలేం పది కిలోమీటర్లు ఉంటుందేమో. ఆ కాస్త దూరం దాటి పొద్దున ఏడింటికల్లా పనిలో ఉండాలంటే, 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా కూలీలు ఏళ్ల తరబడి తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకే వచ్చి ఇజ్రాయెల్ పెట్టిన 300 నంబరు చెక్‌పోస్టు దగ్గర నిలబడేవారు. రెండు వైపులా ఇనుప కమ్మీలు, మధ్యలో సన్నని దారి. మనుషుల్ని ఒక్కొక్కరుగా వదిలే తిరుగుడు గేటు. ఆ తర్వాత సామాను తనిఖీ, పర్మిట్ తనిఖీ, వేలిముద్ర. లోపల ఎన్ని కౌంటర్లు తెరిచారన్నదాన్ని బట్టి ఒకరోజు అరగంటలో బయటపడేవారు, ఇంకోరోజు రెండు గంటలు పట్టేది.

కాల్పులు జరిగితే వార్తల్లో వస్తుంది. మేస్త్రీ బండి వెళ్ళిపోయి ఆ రోజు కూలి పోగొట్టుకున్న మనిషి సంగతి ఎక్కడ వస్తుంది?

ఆ సంగతి రాయడానికే 2001లో ముగ్గురు ఇజ్రాయెలీ మహిళలు మఖ్సోమ్ వాచ్ అనే సంస్థ పెట్టారు. హీబ్రూలో మఖ్సోమ్ అంటే చెక్‌పోస్టు. కొన్నేళ్లకే వందలమంది చేరారు. అందరూ ఆడవాళ్ళే. చాలామంది రిటైరైనవాళ్ళు, మనవలను ఎత్తినవాళ్ళు. ఆ దేశంలో సైనిక సేవ తప్పనిసరి కాబట్టి, గేటు దగ్గర తుపాకీ పట్టుకు నిలబడ్డ కుర్రాడు వాళ్ళ మనవడి ఈడువాడే అయ్యుంటాడు.

వాళ్ళు చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. ఇద్దరు ముగ్గురు కలిసి కారులో వెళ్తారు. ఎన్ని గేట్లు పనిచేస్తున్నాయి, వరుస ఎక్కడిదాకా ఉంది, ఎవరిని ఎందుకు వెనక్కి పంపారు, ఇవన్నీ టైముతో సహా రాసుకుంటారు. ఒక్కోసారి తామే క్యూ చివర నిలబడి, అవతలికి చేరడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసుకుంటారు. రమల్లా, జెరూసలేం మధ్య ఉన్న కలందియా చెక్‌పోస్టులో ముసలివాళ్ళకూ రోగులకూ వేరే గేటు ఉండేది. అది మూసి ఉంటే, తెరిపించమని అధికారులకు ఫోన్ల మీద ఫోన్లు చేసేవారు. ఇంటికెళ్ళాక రిపోర్టు రాస్తారు.

మన దగ్గర పౌరహక్కుల సంఘాల నిజనిర్ధారణ బృందాలు ఘటన జరిగాక వెళ్తాయి. ఈ ఆడవాళ్ళు ఏమీ జరగని రోజున కూడా వెళ్తారు. నాకు వాళ్ళ మీద ఇంత గౌరవం కలగడానికి కారణం అదే.

అలా మామూలుగా వెళ్ళిన ఒకరోజు, 2004 నవంబరులో, నాబ్లస్ దగ్గరి బైత్ ఇబా చెక్‌పోస్టులో ఒక పాలస్తీనా యువకుడు సైనికుల ముందు నిలబడి వయొలిన్ వాయిస్తుండగా వీళ్ళలో ఒకావిడ వీడియో తీశారు. సైనికులే వాయించమన్నారని అతను చెప్పాడు. తమవాళ్ళు బలవంతపెట్టలేదని సైన్యం చెప్పింది. నాజీ శిబిరాల్లో యూదు కళాకారుల చేత వాయించిన సంగీతం గుర్తొచ్చి ఇజ్రాయెల్‌లో చాలామంది కదిలిపోయారు. ఆవిడ అక్కడ లేకపోతే ఇదంతా ఆ వరుసలో ఉన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు.

వీళ్ళు నిలబడినంత మాత్రాన చెక్‌పోస్టులు పోతాయా, పైగా వాటికి మంచిపేరు తెస్తున్నారు కదా అని అడిగేవాళ్ళున్నారు. ఆ వాదన సంస్థ లోపల కూడా నడిచింది. అడగాల్సిన ప్రశ్నే. కానీ తెరవని గేటు ముందు బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లికి, ఆ పూట ఒక ఫోన్ కాల్‌తో దారి దొరికితే, దాన్ని తక్కువగా చూడటం నాకు చేతకాదు.

పొలాల గేట్ల కథ వేరే. 2002లో ఇజ్రాయెల్ కట్టడం మొదలుపెట్టిన గోడ, కంచె చాలా ఊళ్ళను వాటి ఆలివ్ తోటల నుంచి విడదీశాయి. ఈ కట్టడం వెస్ట్ బ్యాంక్ లోపల సాగడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. అయినా రైతు తన తోటకు తను వెళ్ళాలంటే పర్మిట్ కావాలి, సైనికుడొచ్చి తాళం తీయాలి. కొన్ని గేట్లు ఆలివ్ కోతలప్పుడు మాత్రమే తెరుస్తారు. తాళం తీయడం గంట ఆలస్యమైతే ఆ గంట కోత పోయినట్టే. అందుకే ఆ గేట్ల దగ్గరికి కూడా వీళ్ళు వెళ్తారు.

గాజా యుద్ధం మొదలైన 2023 అక్టోబరు తర్వాత వెస్ట్ బ్యాంక్ కూలీల్లో అత్యధికుల పర్మిట్లు ఆగిపోయాయి. తెల్లవారుజాము వరుసలు పలచబడ్డాయి, ఎందుకంటే పనికి పోయే దారే మూసుకుపోయింది. మరోపక్క ఊళ్ళ మధ్య కొత్త ఇనుప గేట్లు వెలిశాయి. రాకపోకలకు అడ్డంకులు 800 దాటాయని 2025లో ఐక్యరాజ్యసమితి మానవతా విభాగం లెక్క తేల్చింది. ఫలానా గేటు ఈ పొద్దున ఎన్నింటికి తెరిచారో, అసలు తెరిచారో లేదో, ఇప్పుడు రాసుకోవాల్సింది అదే.