హారంలో ఎవరున్నారు?

అందరికీ నమస్కారమండీ. విజయవాడలో మాట్లాడమంటే గుంటూరు నుంచి నా పాత హాజరుపట్టీ సంచిలో పెట్టుకుని వచ్చాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లల్లో హైస్కూలు చదువు పూర్తిచేసేది ఎందరు? అడిగేవాళ్లు చాలామందే. ఏ లెక్కన, అంటే భిన్నంలో కింద ఉండే హారంలో ఎవరిని లెక్కపెట్టారని అడిగేవాళ్లు తక్కువ.

ఊరికే ఒక లెక్క వేద్దాం. తొమ్మిదిలో అలాంటి పిల్లలు పదిమంది చేరారు. నలుగురు పదో తరగతి గట్టెక్కారు. ఒకడు తప్పి మళ్లీ ఫీజు కట్టలేదు. ఇద్దరు ఇంకా బళ్లోనే ఉన్నారు. ఒకమ్మాయి టీసీ తీసుకుని తెనాలి వెళ్లిపోయింది. ఇద్దరు చెప్పాపెట్టకుండా మానేశారు. పరీక్ష రాసినవాళ్లలో చూస్తే అయిదుగురికి నలుగురు, 80 శాతం. చదువు ముగించినా మానేసినా బడి వదిలినవాళ్లందరిలో చూస్తే ఏడుగురికి నలుగురు, 57. చేరినవాళ్లలో టీసీ పిల్లను తీసేస్తే తొమ్మిదిమందికి నలుగురు, 44. పిల్లలు మాత్రం వాళ్లే. మీటింగులో ఏ అంకె చదువుతారో నేను చెప్పక్కర్లేదు.

అమెరికాలో 2010-11 నుంచి దాదాపు రాష్ట్రాలన్నీ ఒకే పద్ధతికి వచ్చాయి. తొమ్మిదిలో చేరిన బ్యాచ్‌ని పన్నెండు దాకా నాలుగేళ్లు వెంటపడి లెక్కేస్తారు. 2018-19లో మొత్తం పిల్లల్లో 86 శాతం పూర్తిచేస్తే, వైకల్యం ఉన్నవాళ్లలో 68 శాతమే. కానీ అక్కడి చట్టం వీళ్లకు 21 ఏళ్ల దాకా బడి హక్కు ఇచ్చింది. ఆ హక్కు వాడుకుని అయిదో ఏట పూర్తిచేసిన పిల్లాడు నాలుగేళ్ల లెక్కలో పూర్తిచేయనట్టే. చట్టం ఆగమంటుంది, గడియారం ఆగదు.

ఇంకో చిక్కుంది. జాబితాలో ఎవరుంటారు? మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్ గడువు తీరి, మళ్లీ క్యాంపుకి తిరగలేక వదిలేస్తే ఆ పిల్లాడు జాబితాలోంచి జారిపోతాడు. బాగా కుదుటపడ్డవాళ్లూ బయటికొస్తారు. అందుకే ఈ ఏడాది జాబితాలో ఉన్నవాళ్లనే కాదు, తొమ్మిదిలో చేరినప్పుడు ఉన్నవాళ్లందరినీ పట్టుకోవాలంటాను.

ఒకసారి ఒకావిడ నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మావాడు ఓపెన్ స్కూల్లో పది కట్టాడండీ. మీ పుస్తకంలో మానేశాడని రాశారంటగా?" అంది. పట్టీ తీసి చూశాను. వాడి పేరు మీద ఎర్రసిరా అడ్డగీత. గీసింది నేనే. రెండేళ్లుగా వాడు చదువుతూనే ఉన్నాడు. నేను ఫోన్ చేసి అడిగింది లేదు.

ఇదిగో, ఆ పేజీ తెచ్చాను. ముందు వరసలోవాళ్లు ఒకసారి చూసి వెనక్కి అందించండి.