మరమరాలు ఏరుకునే చేతులు

అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లకు, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన తల్లులకు నమస్కారం.

బొబ్బిలి వైపు నుంచి ఒకామె ఏడాదిన్నర పాపని తీసుకొచ్చింది. "డాక్టర్ బాబూ, పళ్లెంలో మరమరాలు ఒక్కొక్కటీ ఏరుకు తినేది. అత్త, తాత అనేది. రెండు నెలలై అన్నీ పోయాయి" అంది. బల్ల మీద నాలుగు మరమరాలు వేశాను. పాప వాటినే చూస్తోంది గానీ చెయ్యి చాచలేదు. రెండు చేతులూ గుండె దగ్గర పెట్టుకుని, సబ్బు రాసి కడుక్కుంటున్నట్టు రుద్దుకుంటూనే ఉంది. రక్తపరీక్షలో రెట్ సిండ్రోమ్ అనే మెదడు జబ్బని తేలింది. సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

వియన్నా డాక్టర్ ఆండ్రియాస్ రెట్ 1966లోనే దీని గురించి రాశాడు. కారణం దొరికింది మాత్రం 1999లో, అమెరికాలో హ్యూడా జోగ్బీ బృందానికి. ఎక్స్ క్రోమోజోమ్ మీద మెక్‌పీ-2 అనే జన్యువు చెడిపోవడమే కారణం.

మన డీఎన్ఏ మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులుంటాయి. ఆ జన్యువు తయారుచేయించే మెక్‌పీ-2 ప్రొటీన్ వాటిని పట్టుకుని, ఏ జన్యువు ఎంత పనిచేయాలో సరిచూస్తుంది. బొబ్బిలి వీణ ఎరిగినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. పనస చెక్క బాగుంది, మెట్లు బాగున్నాయి, తీగ బిగువు తప్పింది. వదులైనా అపస్వరమే, మరీ బిగించినా అపస్వరమే. ఈ ప్రొటీన్ తగ్గితే రెట్. అదే జన్యువు అదనంగా ఇంకో కాపీ పడితే మరో జబ్బు, అది ఎక్కువగా మగపిల్లలకి. అందులోనూ మాట, నడక, తెలివి దెబ్బతింటాయి.

మరి మొదట్లో పాప బాగానే ఉందేం? పుట్టాక మెదడు కణాలు ముదిరేకొద్దీ ఈ ప్రొటీన్ అవసరం పెరుగుతుంది. లోటు అప్పుడు బయటపడుతుంది.

ఆ రోజు వాళ్ల అత్తగారు "కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది" అని కోడల్నే తిట్టింది. ఈ మార్పు చాలావరకు కొత్తగా, అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణంలో జరుగుతుందని చెప్పాను. అలాగని అది అతని తప్పూ కాదు. ఆవిడ కొడుకు వంక చూసి ఇంకేం మాట్లాడలేదు.

ఇందులో మెదడు కణాలు చచ్చిపోవు. 2007లో శాస్త్రవేత్త ఏడ్రియన్ బర్డ్ బృందం జబ్బుపడ్డ ఎలుకల్లో ఆ జన్యువుని మళ్లీ పనిచేయిస్తే, పెద్ద ఎలుకలు కూడా తేరుకున్నాయి. మనుషుల్లో ఇంకా అంతదూరం రాలేదు. ఫిజియోథెరపీ, ఫిట్స్ మందులు, తిండి జాగ్రత్త, ప్రస్తుతానికి మా చేతిలో ఉన్నవి ముఖ్యంగా ఇవే.

ఆ పాపకిప్పుడు ఐదేళ్లు. మరమరాలు పాలలో నానబెట్టి పెడతారు. కావాలంటే గిన్నె వైపు చూసి, వాళ్ల అమ్మ వైపు చూస్తుంది. ఈమధ్య నాన్నమ్మ వైపు కూడా చూస్తోందట.