నా వ్యాసాల్లో సగం జ్యాలే

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామానంతా కిందికి దింపాం. పాత ఇత్తడి గంగాళం వెనకాల నా ట్రంకు పెట్టె బయటపడింది. నాఫ్తలిన్ ఉండల వాసన మధ్య, ముప్పై ఏళ్ళుగా నేను రాసుకున్న వ్యాసాలున్నాయి అందులో. ఒకటి రెండు పత్రికల్లో అచ్చయినవి, మిగతావి వెళ్ళిన దారినే తిరిగొచ్చినవి. లెక్కపెడితే మొత్తం పద్నాలుగు.

ఆ రోజుల్లో మా అన్నయ్య కూతురు మా ఇంట్లోనే ఉండి సివిల్స్‌కి చదువుకుంటోంది. పొద్దున్నే ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఉప్మా తిని, క్యారేజీ పట్టుకుని ద్వారకా నగర్‌లో పౌర గ్రంథాలయానికి వెళ్ళేది. మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. ఆ పరీక్షలో వ్యాసానికి విడిగా ఒక పేపరుంటుంది. మూడు గంటల్లో రెండు వ్యాసాలు, ఒక్కోటి వెయ్యి నుంచి పన్నెండు వందల మాటలు, మొత్తం 250 మార్కులు. కోచింగ్‌లో అది రాసిన వ్యాసం దిద్ది ఇచ్చారు. చివర ఎర్ర సిరాతో ఒకే ఒక్క వాక్యం: "భాష బాగుంది, చెప్పిందేమీ లేదు." పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది.

పెద్దదాన్ని కదా, ఊరుకోకుండా ఓ అరగంట క్లాసు పీకాను. అంతా విని, "సరే అత్తా, నీవి ఇలా ఇయ్యి, చూస్తాను" అంది. ట్రంకు పెట్టె నుంచి తీసిన కట్ట చేతికిచ్చాను. రాత్రంతా పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

తెల్లారి కాఫీ దగ్గర మొదటి మాట ఇది. "అత్తా, పద్నాలుగింటిలో పదకొండు సముద్రంతో మొదలయ్యాయి."

నేను నమ్మలేదు. కాగితాలు తిరగేశాను. నిజమే! సూర్యోదయం మీద రాసినప్పుడు సముద్రం వచ్చిందంటే అర్థముంది. ఆడపిల్లల చదువు మీద రాసినదీ సముద్రంతోనే మొదలైంది. ఆఖరికి రేషన్ కార్డుల మీద రాసినదీ అంతే. "అలలు తీరాన్ని తాకి వెనక్కి మళ్ళినట్టే సామాన్యుడు కౌంటరును తాకి వెనక్కి మళ్ళుతున్నాడు" అని రాసి ఉంది. ఆ వాక్యం రాసిన రోజున ఎంత మురిసిపోయానో నాకింకా గుర్తే.

విశాఖపట్నం వాళ్ళకి ఇదొక జబ్బేమో అని సర్దిచెప్పబోయాను. ఏ మిట్ట ఎక్కినా, ఏ సందు మలుపు తిరిగినా నీలంగా ఓ ముక్క కనిపిస్తూనే ఉంటుంది కదా, కలంలోకి రాకుండా ఎలా ఉంటుంది! మా పిల్ల ఒప్పుకోలేదు. "చెప్పాల్సింది ఇంకా దొరకనప్పుడు సముద్రం దగ్గరికి పోతున్నావు" అంది. సభల్లో కొందరు మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంటారు చూడండి, నా మొదటి పేరాలన్నీ అలాంటివే. పద్నాలుగు వ్యాసాల్లోనూ మొదటి పేరా మీద అరచెయ్యి పెట్టి మూసేసి రెండో పేరా నుంచి చదివాం. పదింటికి ఏ లోటూ రాలేదు, ఇంకా నయమయ్యాయి.

ఇంజినీరింగ్ చదివిన పిల్ల కదా, ఇంకో మాట కూడా అంది. "లెక్కల్లో వ్యాసం అంటే ఏంటత్తా? వృత్తం ఈ అంచు నుంచి ఆ అంచుకి గీసిన గీత, కేంద్రం గుండా పోవాలి. కేంద్రాన్ని తప్పించుకుని పక్కనుంచి పోయేదాన్ని జ్యా అంటారు. నీ వ్యాసాల్లో సగం జ్యాలే."

ఊరుకుంటానా? నేనూ సంస్కృతం తీశాను. సమాసం అంటే కుదించి చెప్పడం, వ్యాసం అంటే విప్పి, పరచి చెప్పడం, అందుకే నాది కాస్త పొడుగు అన్నాను. "పరచమన్నారు గానీ సాగదీయమనలేదుగా" అంది. ఇక దానితో వాదన పెట్టుకోదలచలేదు.

తర్వాత ఓ వారం రోజులు మధ్యాహ్నాలు ఒక్కదాన్నే కూర్చుని ఆ కట్ట మళ్ళీ చదివాను. ఒక విషయం మాత్రం ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్ళు ఫైళ్ళ మీద నోట్లు రాసినదాన్ని నేను. "పైన ఉదహరించిన విషయమై తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అన్న వాక్యం నిద్రలో లేపినా తప్పు లేకుండా రాసేస్తాను. ఆ వాక్యంలో గొప్పతనమేమిటంటే, సమర్పించింది ఎవరో కనిపించరు. రేపు తేడా వస్తే ఎవర్నీ అడగడానికి లేదు. ఫైలుకి అది సుఖమే. అదే వాసన వ్యాసంలోకీ పాకింది. మా అమ్మ చేసిన చింతకాయ పచ్చడి గురించి రాస్తూ కూడా "రోటిలో నూరబడేది" అని రాశాను. నూరింది మా అమ్మ. చేతులు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటూ నూరేది. ఆవిడనే తీసి పక్కన పెట్టేశాను!

ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న గొడవ నిజానికి మన ఊరికి కొత్త కాదు. వ్యావహారిక భాషోద్యమం అనగానే పెద్ద పెద్ద సిద్ధాంతాలు అనుకుంటాం గానీ, అది రాజుకున్న చోట్లలో పరీక్ష పేపరు ఒకటి. బడిపిల్లలు, కాలేజీ పిల్లలు కాంపోజిషన్ ఏ తెలుగులో రాయాలన్నది ప్రశ్న. స్కూళ్ళ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న జె.ఏ. యేట్స్ అనే దొర, ఇక్కడి ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి, విజయనగరం నుంచి గురజాడ అప్పారావు, ఈ నలుగురూ ఒక మాట మీద నిలబడ్డారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కాంపోజిషన్ కమిటీలో ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గితే, గురజాడ ఒప్పుకోక 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి ఇచ్చారు. పిల్లవాడికి రాని భాషలో రాయమంటే వాడు ఆలోచించడం మానేసి మాటలు వెతుక్కుంటాడు. నన్నడిగితే ఆ గొడవకంతటికీ మూలం ఇదే. నూటపదేళ్ళు దాటింది. గ్రాంథికం పోయింది. దాని ఖాళీలో నా బోటివాళ్ళం ఫైలు భాషను తెచ్చి కూర్చోబెట్టాం.

ఇవి రాతలో లోపాలు. దిద్దుకుంటే పోతాయి. కాగితం మీదకి రాకముందే జరిగిపోయిన లోపం ఇంకోటి ఉంది, అది దొరికినప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది.

సముద్రంలో చేపల వేట నిషేధం మీద ఒక వ్యాసం రాశాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు మన తీరంలో బోట్లు వేటకి పోకూడదు. లెక్కలన్నీ సరిగ్గానే రాశాను. జాలి కూడా బాగానే ఒలకబోశాను. మా పిల్ల పెన్సిలుతో పక్కన చిన్న చిన్న గీతలు గీసి, కింద కూడిక వేసింది. "మత్స్యకారులు" అన్న మాట పంతొమ్మిది సార్లు వచ్చింది. ఒక్క మత్స్యకారుడూ లేడు.

లేడంటే ఎలా ఉంటాడు? నేను వరండాలో కూర్చుని రాశాను. ఫిషింగ్ హార్బర్ మా ఇంటికి ఆటో దూరం, అయినా పోలేదు. మర్నాడు ఇద్దరం వెళ్ళాం. మే నెల, మిట్టమధ్యాహ్నం, బోట్లన్నీ ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. బోలెడు నిశ్శబ్దంగా ఉంటుందనుకుని వెళితే ఒకటే సుత్తి చప్పుళ్ళు, రంగు వాసన, ఎక్కడో ఇంజను విప్పుతున్న వాళ్ళ కేకలు. ఒక పెద్దాయన బోటు నీడన కూర్చుని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించి బిగించుకుని, చిరిగిన చోట కన్ను కన్నూ కలుపుతున్నాడు. "ఖాళీగా ఉంటారు కదా ఈ రెండు నెలలూ" అన్నాను. ఆయన తలెత్తలేదు. "ఏటి ఖాళీయమ్మా, బోటు ఒడ్డునున్నప్పుడే కదా పనెక్కువ" అన్నాడు.

నా వ్యాసంలో ఏముందో తెలుసా? "ఆ 61 రోజులూ చేతులు ముడుచుకుని కూర్చునే బతుకులు."

వాళ్ళకి ఇబ్బంది లేదని కాదు. రాబడి లేని రెండు నెలలు, పైగా మరమ్మతు ఖర్చులు. నేను రాసినదాని కన్నా అది పెద్ద కష్టమే. ఆ కష్టం ఎలాంటిదో తెలుసుకోకుండా నాకు తోచిన కష్టాన్ని వాళ్ళకి అంటగట్టాను. అడగకుండా రాయడం నా రాతలోని అన్నిటికన్నా పెద్ద బలహీనత. మనుషుల్ని అడగాలంటే నాకు మొహమాటం. మొహమాటాన్ని కప్పిపుచ్చడానికి మంచి వాక్యం పనికొస్తుంది.

మరి బలాల సంగతేమిటి? ఇక్కడే నేను తడబడ్డాను. లోపాలు చెప్పమంటే చకచకా చెప్పేశాను. నీకు బాగా వచ్చేదేంటి అని మా పిల్ల అడిగితే నోరు పెగల్లేదు. ఆత్మస్తుతి తప్పని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్ళం, అదొక కారణం. అసలు కారణం వేరే ఉందనుకుంటాను. కష్టపడి రాసిన వాక్యం మనకి గుర్తుంటుంది, అదే మన ప్రతిభ అనుకుంటాం. సునాయాసంగా వచ్చేసింది మన లెక్కలోకే రాదు.

హుద్‌హుద్ తుపాను మీద రాసిన వ్యాసంలో అది బయటపడింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి విన్న విశాఖ వాళ్ళెవరికీ ఆ తేదీ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కొన్ని వారాలకి రాశాను. మొదటి పేజీ మామూలే, సముద్రం ఉగ్రరూపం. రెండో పేజీ, ప్రకృతి ముందు మనిషి అల్పుడు. మూడో పేజీ, చెట్లు నరికినందుకు ఫలితం. నాలుగో పేజీ అడుగున, ఏదో గుర్తొచ్చినట్టు, ఇలా ఉంది: "మా వీధి చివర ఒకాయన జనరేటరు పెట్టాడు. మెట్ల మీద ఇరవై రెండు సెల్‌ఫోన్లు వరసగా చార్జింగ్‌కి పెట్టి ఉన్నాయి. ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో ఓ చీటీ, దాని మీద పేరు. పన్నెండేళ్ళుగా అదే వీధిలో ఉంటున్నాను. వాళ్ళలో సగం మంది పేర్లు నాకు ఆ చీటీలు చూస్తేనే తెలిశాయి."

మా పిల్ల ఆ ఐదు వాక్యాల చుట్టూ గుండ్రంగా గీసి, మధ్యలో ఓ చుక్క పెట్టింది. కేంద్రం అన్నమాట.

నేను అవి రాసినట్టే మర్చిపోయాను. దిద్దింది లేదు, కొట్టేసింది లేదు, కాగితం మీద సిరా కూడా ఒకే తీరుగా పారి ఉంది. "ప్రకృతి ముందు మనిషి" దగ్గర మాత్రం ఐదు కొట్టివేతలు! చిన్న వస్తువులు నా కంటికి ఆనుతాయి, లెక్కలు గుర్తుంటాయి. బజారు నుంచి వచ్చాక ఎవరి బండి మీద ఏ కూర ఎంతకిచ్చారో చెప్పగలను. ఇంట్లో ఇది నన్ను ఆటపట్టించే గుణం. వ్యాసానికి అదే సరుకని అరవై దాటాక తెలిసింది. సరుకుని నాలుగో పేజీలో దాచి, దుకాణం ముందు సముద్రం బొమ్మ వేలాడదీశాను ఇన్నాళ్ళూ.

ఇంతా చేసి మా పిల్ల రాతలో లోపాలు లేవనుకోకండి. దానిది నాకు సరిగ్గా ఎదురు జబ్బు. ప్రతిదానికీ "ఒకవైపు", వెంటనే "మరోవైపు". తూకం రాళ్ళు పెట్టినట్టు రెండు పళ్ళాలూ సమానం చేసి, చివర "అందరూ కలసికట్టుగా కృషి చేయాలి" అని తాళం వేస్తుంది. నీ అభిప్రాయం ఏంటే అంటే, మార్కులు పోతాయని టెన్షన్. పెద్దవాళ్ళ సూక్తులు మాత్రం బస్తాల కొద్దీ పట్టుకొస్తుంది. నేను ఆ సూక్తులన్నీ కొట్టేసి ఇస్తే మూడు రోజులు అలిగింది. నాలుగో రోజు రైతుబజారు నుంచి కూర సంచీతో వస్తూ, నీటి పొదుపు మీద రాయాల్సిన వ్యాసానికి తనే ఒక మొదలు చెప్పింది. అందులో సూక్తి లేదు, వీధి కుళాయి దగ్గర వరసలో పెట్టిన బిందెలున్నాయి. ఎన్ని బిందెలో కూడా లెక్కపెట్టుకొచ్చింది. నేను ఆ లెక్క విని మనసులోనే నవ్వుకున్నాను, పైకి ఏమీ అనలేదు.

మేమిద్దరం ఇప్పటికీ పాటిస్తున్న పద్ధతి ఒకటుంది. రాసింది పైకి చదవడం. నాది అది చదువుతుంది, దానిది నేను చదువుతాను. ఎవరిది వాళ్ళే చదువుకుంటే లేని కామాలు కూడా గొంతులో పెట్టేసుకుంటాం. మన భాషలో క్రియ వాక్యం చివర్న వస్తుంది కదా, వెళ్ళి, చూసి, మాట్లాడి, ఆలోచించి అంటూ పోతే ఎదుటివాళ్ళకి ఆ మూటలన్నీ నెత్తిన పెట్టుకుని చివరిదాకా నడవాల్సి వస్తుంది. దానికి ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ నేను వాక్యం తెంపుతాను. ఒక్కోచోట చదువుతూ చదువుతూ గొంతు తగ్గిస్తుంది. నమ్మకం లేని చోట గొంతు దానంతటదే తగ్గుతుందట. ఆ వాక్యాలు దిద్దను, తీసేస్తాను.

ఈ ప్రసంగం కూడా నిన్న రాత్రి అలాగే చదివించాను. కాగితం చేతికి తీసుకుని, చదవకముందే పెన్సిలు అడిగింది. మొదటి పేరా మొత్తం అడ్డంగా కొట్టేసింది. మీరు విన్నది రెండో పేరా నుంచి. ఆ పోయిన పేరాలో ఏముందో మీకు చెప్పనక్కర్లేదు.

సెలవు.