గొళ్ళెం ఉన్న గది

శ్రోతలకు నమస్కారం.

రాత్రి పదకొండు దాటాక మన చెన్నై షావుకారుపేట సందుల్లో నడవండి. మూసిన కొట్ల ముందు కుటుంబాలకు కుటుంబాలే పడుకుని ఉంటాయి. గిన్నెలు, బట్టల మూట, పిల్లల బడిసంచి, అన్నీ ఒక్క టార్పాలిన్ కింద. పొద్దున షట్టరు లేచేలోపు అంతా సర్దేయాలి. ఎదిగిన ఆడపిల్ల బట్టలు మార్చుకోవడానికి ఇంత చాటు ఉండదు.

నగరాల్లో లక్ష జనాభాకు, ఇల్లు లేనివాళ్ళు తలదాచుకునే ఆశ్రయం ఒకటి ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. చెన్నైలో ఆశ్రయాలు లేకపోలేదు. కానీ చాలావాటిలో మగవాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు. మొగుడూ పెళ్ళాం, పిల్లలూ కలిసి ఉండాలంటే దారేది? వాళ్ళకు కావలసింది చాప పరుచుకునే చోటు ఒక్కటే కాదు, లోపలినుంచి గొళ్ళెం పెట్టుకునే గది.

లండన్‌లోని లూయిషమ్‌లో, ఒకప్పుడు ఈతకొలను ఉన్న ఖాళీ స్థలంలో, 2016లో 24 ఇళ్ళు నిలబెట్టారు. గదులు ఫ్యాక్టరీలో తయారై లారీల మీద వచ్చాయి. స్థలం మరో పనికి కావలసివస్తే విప్పి ఇంకోచోట బిగించేలా కట్టారు. ఇల్లు లేని కుటుంబాలకే ఇచ్చారు.

మనకు ఆ పనితనం తెలియనిది కాదు. చెన్నై దక్షిణ శివారు పెరుంబాక్కంలో 1,152 ఇళ్ళను ముందే పోతపోసిన కాంక్రీటు భాగాలతో కట్టి 2022లో ప్రారంభించారు. అవి శాశ్వతమైన ఇళ్ళు, మంచిదే. అయితే షావుకారుపేటనుంచి పెరుంబాక్కం సుమారు పాతిక కిలోమీటర్లు. తెల్లవారుజామున కొత్వాల్‌చావడి బజారులో మూటలు మోసేవాడికి, ఇళ్ళలో పాచిపని చేసే ఆమెకు అంత దూరంలో ఇల్లిస్తే కూలి పోతుంది. రెక్కాడితేగాని డొక్కాడని వాళ్ళు మళ్ళీ ఆ కొట్ల ముందుకే వస్తారు. అందుకే పని ఉన్నచోటే, ఖాళీగా పడి ఉన్న ప్రభుత్వ స్థలంలో, లండన్‌లో లాగా విప్పి బిగించే ఇరవై గదులతోనైనా మొదలుపెట్టమంటున్నాను.

ఒక భయం మాత్రం నాకుంది. 2004 సునామీ తరువాత తారు రేకులతో వేసిన తాత్కాలిక గుడిసెలు గుర్తున్నాయా? ఎండకు లోపల కూర్చోలేకపోయేవారు, వానకు కారేవి. ఉత్త ఇనుప పెట్టె లాంటి గది కూడా మన మే నెలలో పొయ్యే. గోడలోపల వేడి ఆపే పొర, ఎదురెదురు కిటికీలు, పైకప్పు మీద నీడ, నేలకు రెండడుగుల ఎత్తు, మరుగుదొడ్డి, నీళ్ళు, కరెంటు ఉండాలి. ఇవి లేకుండా గదులు దింపవద్దు.

తాళంచెవి ఇచ్చే రోజునే, ఆ తరువాత వెళ్ళబోయే సొంత ఇల్లు ఎక్కడో, ఎప్పటికో కాగితం మీద రాసి ఆ తల్లి చేతిలో పెట్టాలి.